మెహర్ అడిగినట్టే లైసెన్స్ కూడా అడగండి

అమెరికాలో ఉన్న అబ్బాయితో రిష్తా కుదిరితే మన ఖాందాన్లలో ఏమేం అడుగుతామో గుర్తు చేసుకోండి. అబ్బాయి నమాజీయేనా, ఏం ఉద్యోగం, వీసా ఏది, మెహర్ ఎంత రాస్తారు, నఖ్ద్ ఎంత, ఉధార్ ఎంత. బిర్యానీలో మటనా చికెనా అన్నదాకా అన్నీ తేల్చుకుంటాం. ఒక్క సవాల్ మాత్రం ఎవరి నోటా రాదు. "నికాహ్ అక్కడే చేస్తున్నారు కదా, మ్యారేజ్ లైసెన్స్ తీసుకున్నారా?"

అడగకపోవడానికి కారణం ఉంది. మన దగ్గర కాగితం నికాహ్ తర్వాత వస్తుంది. ఖాజీ సాబ్ ఖుత్బా చదువుతారు, వకీల్, ఇద్దరు గవాహ్‌లు దుల్హన్ దగ్గరికెళ్ళి ఇజాజత్ తీసుకొస్తారు, ఇజాబ్-ఖుబూల్ అవుతుంది, ఆ తర్వాత సియాహాలో దస్తఖత్‌లు. ఆ సియాహా నకలు వక్ఫ్ బోర్డుకి వెళ్ళిందా లేదా అన్నది పాస్‌పోర్ట్ పని పడినప్పుడు గానీ ఎవరికీ గుర్తు రాదు. అప్పుడు కూడా ఖాజీ సాబ్ ఇంటికెళ్ళి పాత రిజిస్టర్ తీయిస్తే ఎలాగో పని అయిపోతుంది. 1880 నాటి ఖాజీల చట్టం కూడా ఖాజీ లేకపోతే నికాహ్ చెల్లదని అనలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వచ్చిన చట్టం అన్ని మజ్హబ్‌ల పెళ్ళిళ్ళూ రిజిస్టర్ చేయాలంది. 2006లో సుప్రీంకోర్టు సీమా కేసులో దేశమంతటికీ అదే చెప్పింది. అయినా రిజిస్టర్ చేయనంత మాత్రాన ఆ పెళ్ళి పెళ్ళి కాకుండా పోదు. అందుకే "కాగజ్‌దేముంది, తర్వాత చూద్దాం" అనే అలవాటు మన రక్తంలో కలిసిపోయింది.

ఆ అలవాటే అమెరికాలో మన ఆడపిల్లల మెడకి చుట్టుకుంటోంది. అక్కడ చాలా రాష్ట్రాల్లో వరస తిరగబడి ఉంటుంది. కాగితం ముందు, నికాహ్ తర్వాత. ఆ ముందు కాగితం పేరే లైసెన్స్. నికాహ్ అయ్యాక వెనక తేదీ వేసి దాన్ని తెచ్చుకోవడం కుదరదు.

మిస్సోరి రాష్ట్రాన్నే తీసుకుందాం. మన తెలుగు పిల్లలు చాలామంది చదువుకునే యూనివర్సిటీలు అక్కడ పల్లెటూరి కౌంటీల్లో ఉన్నాయి. వారెన్స్‌బర్గ్ ఉన్నది జాన్సన్ కౌంటీలో, మేరీవిల్ ఉన్నది నాడవే కౌంటీలో. కౌంటీ అంటే మన జిల్లాలాంటిదే, కాకపోతే చాలా చిన్నది. మిస్సోరిలో అలాంటివి 114 ఉన్నాయి. చుట్టూ మొక్కజొన్న, సోయా చేలు, మధ్యలో చిన్న ఊరు, ఊరి నడిమధ్యలో కోర్టుహౌస్. పెళ్ళి లైసెన్స్ ఇచ్చేది రికార్డర్ ఆఫ్ డీడ్స్ దఫ్తర్. పొలాలు, ఇళ్ళ దస్తావేజులు రాసుకునేదీ వాళ్ళే. మన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు అనుకోండి.

ఆ రాష్ట్ర చట్టం ఈ విషయంలో ఎటువంటి గలత్ ఫహ్మీకీ చోటివ్వలేదు. పెళ్ళికి ముందే లైసెన్స్ తీసుకుని ఉండాలి, చట్టం ఒప్పుకున్న వ్యక్తి పెళ్ళి జరిపించాలి, ఈ రెండూ లేని పెళ్ళిని గుర్తించేది లేదు. ఎన్నేళ్ళు కలిసి కాపురం చేసినా, ఎంతమంది ముందు భార్యాభర్తలమని చెప్పుకున్నా ఆ లెక్క మారదు. అంటే మిస్సోరిలో ఒక ఫ్లాట్‌లో నలుగురు దోస్తుల మధ్య, అరబీ బాగా చదివే ఒక సీనియర్ ఖుత్బా చదివి, ఇద్దరు గవాహ్‌లతో నికాహ్ చేసుకుంటే షరీయత్ ప్రకారం వాళ్ళు మియా-బీవీలే. మిస్సోరి ప్రకారం మాత్రం ఒకే ఇంట్లో ఉంటున్న ఇద్దరు రూమ్మేట్లు.

దీని వల్ల ఎవరికి నష్టం? అబ్బాయికి పెద్దగా ఏమీ కాదు. అమ్మాయి సంగతి ఆలోచించండి. అతని వీసా మీద డిపెండెంట్‌గా మారాలంటే పెళ్ళి సబూత్ కావాలి. అతని కంపెనీ ఇన్సూరెన్స్‌లో పేరు చేర్చాలన్నా అదే అడుగుతారు. అతను ఆసుపత్రిలో తెలివి లేకుండా పడి ఉంటే "మీరు ఆయనకి ఏమవుతారు?" అంటారు. అల్లా అలాంటి రోజు చూపించకూడదు గానీ, అతను పోతే విరాసత్‌లో భార్యగా వాటా, సోషల్ సెక్యూరిటీ నుంచి వచ్చే బేవా పెన్షన్, అన్నిటికీ ఆ కాగితమే తలుపు. ఇక అతను వదిలేసి వెళ్ళిపోతే? కోర్టుకెళ్ళి ఖర్చులు, ఆస్తిలో వాటా అడగడానికి ముందు పెళ్ళి జరిగిందని రాష్ట్రం ఒప్పుకోవాలి కదా. ఒప్పుకోని పెళ్ళికి విడాకులు ఎక్కణ్ణించి వస్తాయి?

ఇంకో మాట. దీన్ని మన పెద్దలు బయటికి అనరు గానీ మనసులో అందరికీ తెలుసు. లైసెన్స్ దరఖాస్తు మీద దస్తఖత్ చేసేవాడు తనకి ఇదివరకే బతికున్న భార్య లేదని ప్రభుత్వం ముందు చెప్పినట్టు లెక్క. అమెరికాలో ఏ రాష్ట్రంలోనూ రెండో భార్యకి చట్టంలో చోటు లేదు. అందువల్ల ఎక్కడో ఒక పెళ్ళి దాచుకున్నవాడికి "నికాహ్ చాలు, లైసెన్స్ ఎందుకు" అన్న మాట చాలా హాయిగా ఉంటుంది. లైసెన్స్ వద్దన్న ప్రతి అబ్బాయీ అలాంటివాడని నేననను. చాలామందికి తెలియక, బద్ధకించి, వీసా భయంతో ఆగిపోతారు. కానీ తెలియనివాడెవరో దాచేవాడెవరో తేల్చుకోవడానికి అమ్మాయి అబ్బాకి ఇంతకన్నా తేలికైన దారి లేదు. లైసెన్స్ అడగండి. తెలియనివాడు తెచ్చుకుంటాడు. దాచేవాడు సాకులు చెప్తాడు.

కొందరు మౌల్వీ సాబ్‌లు, కొందరు పెద్దలు నా మీద కోప్పడతారని తెలుసు. "నికాహ్ అల్లా పేరు మీద జరిగేది, దానికి సర్కారు ఇజాజత్ ఏమిటి?" అంటారు. నికాహ్‌కి సర్కారు ఇజాజత్ కావాలని నేను అనడం లేదు. మన ఫిఖ్హ్‌లో నికాహ్ షరతులు ఎప్పుడూ ఉన్నవే, వాటికి ఏదీ కలిపే హఖ్ నాకు లేదు. కానీ మన దీన్‌లో కాగితానికి విలువ లేదని మాత్రం అనకండి. ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ సూరె బఖరాలో 282వది. అది దేని గురించి? అప్పు ఇచ్చి పుచ్చుకున్నప్పుడు రాసుకోండి, గవాహ్‌లను పెట్టుకోండి, చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుక్కోకండి అని. పదివేల అప్పుకి రాత కావాలన్న దీన్, ఒక ఆడపిల్ల జిందగీకి రాత వద్దంటుందా? పైగా ఏ దేశంలో ఉంటే ఆ దేశంలో మన హఖ్‌లు నిలబెట్టే రాత ఏదో అదే రాత అవుతుంది. వారెన్స్‌బర్గ్‌లో ఒక బేవా గుంటూరు సియాహా చూపిస్తే అది గుంటూరు నికాహ్‌కే సబూత్. వారెన్స్‌బర్గ్‌లో చేసుకున్న నికాహ్‌కి సబూత్ వారెన్స్‌బర్గ్ కోర్టుహౌస్‌లోనే ఉండాలి.

ఇంకొందరు "అడిగితే అబ్బాయి వాళ్ళు నమ్మకం లేదనుకుంటారు" అంటారు. మెహర్ రాయించుకున్నప్పుడు నమ్మకం లేదనుకున్నారా? ఇద్దరు గవాహ్‌లను కూర్చోబెట్టినప్పుడు అనుకున్నారా? దస్తఖత్ అడగడం మన నికాహ్‌లో మొదటినుంచీ ఉన్న తెహజీబే.

మూడో సాకు విద్యార్థులది. "ఇంకా స్టూడెంట్ వీసా మీదున్నాం, ఇప్పుడు లైసెన్స్ ఎలా?" అని. లైసెన్స్ తీసుకోవడానికి ఆ దేశ పౌరులై ఉండక్కర్లేదు. ఇద్దరూ గుర్తింపు కాగితాలతో స్వయంగా వెళ్ళాలి. మన పాస్‌పోర్ట్ కూడా గుర్తింపు కాగితమే. చిన్న కౌంటీలో దఫ్తర్ వేళలు తక్కువ, మనుషులూ తక్కువ. అందుకని ముందుగా ఫోన్ చేసి, ఏమేం తేవాలి, ఫీజు ఎంత, కార్డు తీసుకుంటారా నగదే ఇవ్వాలా అని అడిగి వెళ్తే ఒక్కరోజులో పని అయిపోతుంది. మన ఆఫీసుల్లాగా పదిసార్లు తిప్పరు.

ఇక తేదీల సంగతి. ఇది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది కాబట్టి, దోస్త్ వాళ్ళ ఊళ్ళో ఎలా జరిగిందో అలాగే మనకీ జరుగుతుందని అనుకోవద్దు. మిస్సోరిలో లైసెన్స్ ఇచ్చిన రోజే పెళ్ళి చేసుకోవచ్చు, కానీ 30 రోజులు దాటితే అది చెల్లదు. టెక్సాస్‌లో తీసుకున్నాక 72 గంటలు ఆగాలి, గడువు 90 రోజులు. శనివారం పొద్దున నికాహ్ పెట్టుకుని శుక్రవారం జుమా అయ్యాక కౌంటీ క్లర్క్ దగ్గరికి పరిగెత్తితే లాభం లేదు, మంగళవారమే వెళ్ళి ఉండాలి. ఇల్లినాయిలో తీసుకున్న మర్నాటి నుంచి 60 రోజులు, అది కూడా ఆ లైసెన్స్ ఇచ్చిన కౌంటీలోనే చెల్లుతుంది. పల్లె కౌంటీలో చదువుకుంటూ అక్కడే లైసెన్స్ తీసుకుని, చికాగోలో హాల్ బుక్ చేసుకుంటే ఇబ్బందే. చికాగో ఉన్న కుక్ కౌంటీలోనే తీసుకోవాలి. అలబామా అయితే 2019లో లైసెన్స్ పద్ధతే తీసేసింది. అక్కడ ఇద్దరూ ఒక ఫారం నింపి, నోటరీ ముందు దస్తఖత్ చేసి, 30 రోజుల్లోగా ప్రొబేట్ కోర్టులో ఇస్తే అదే పెళ్ళి రికార్డు.

వారెన్స్‌బర్గ్ పిల్లలకి ఇంకో చిక్కు ఉంది. దగ్గరి పెద్ద ఊరు కాన్సాస్ సిటీ. ఆ ఊరు రెండు రాష్ట్రాల మీద పరుచుకుని ఉంటుంది. స్టేట్ లైన్ రోడ్ అని ఒక రోడ్డు, అటు పక్క కాన్సాస్, ఇటు పక్క మిస్సోరి. మిస్సోరి లైసెన్స్ జేబులో పెట్టుకుని రోడ్డు దాటి అవతలి పక్క మస్జిద్‌లో నికాహ్ చదివిస్తే ఆ లైసెన్స్ అక్కడ పనికిరాదు. మస్జిద్ ఏ రాష్ట్రంలో ఉందో ముందు చూసుకోండి, తర్వాత లైసెన్స్‌కి వెళ్ళండి.

నికాహ్ ఎవరు చదివిస్తారన్నదీ చిన్న విషయం కాదు. మిస్సోరి చట్టం ప్రకారం మజ్హబీ సంస్థల్లో ఆ పని చూసే ఇమామ్ లాంటివాళ్ళు, జడ్జీలు పెళ్ళి జరిపించవచ్చు. దుల్హా దుల్హన్లలో ఒకరు సభ్యులుగా ఉన్న మజ్హబీ జమాత్ కూడా తన ఆచారం ప్రకారం జరిపించవచ్చు. కాబట్టి మస్జిద్‌కి వెళ్ళి ఇమామ్ సాబ్‌తో చదివించుకోండి. నికాహ్ అయ్యాక ఆయన లైసెన్స్ మీద దస్తఖత్ చేసి, గడువులోగా ఆ కౌంటీ దఫ్తర్‌కి తిప్పి పంపాలి. ఇది ఆయన జిమ్మేదారీ. కానీ వలీమా హడావుడిలో ఆ కాగితం ఎవరి సంచీలోనో ఉండిపోతుంది. పది రోజులయ్యాక దుల్హా దుల్హన్లే దఫ్తర్‌కి ఫోన్ చేసి "మా లైసెన్స్ చేరిందా, రికార్డు అయిందా?" అని అడగాలి. రికార్డు అయిందంటే అప్పుడు ఇత్మినాన్‌గా నిద్రపోండి.

మెహర్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. మనవాళ్ళు కొందరు ముందు కోర్టులో పెళ్ళి చేసుకుని, అమ్మీ-అబ్బా వచ్చాక ఆరు నెలలకో ఏడాదికో నికాహ్ పెట్టుకుంటారు. టెక్సాస్‌లో ఒక జంట అలాగే సివిల్ పెళ్ళి అయ్యాక కొన్ని నెలలకి నికాహ్‌నామాలో మెహర్ రాసుకున్నారు. తర్వాత విడాకుల్లో ఆమె ఆ మెహర్ అడిగితే, 2008లో అక్కడి అప్పీలు కోర్టు దాన్ని పెళ్ళికి ముందు చేసుకున్న ఒప్పందంగా ఒప్పుకోలేదు. రాసుకునే నాటికే చట్టం దృష్టిలో వాళ్ళకి పెళ్ళయిపోయింది కదా. అదే 2002లో న్యూజెర్సీ కోర్టు ఇంకో కేసులో మెహర్‌ని మామూలు కాంట్రాక్టులాగే చూసి ఇప్పించింది. అంటే అక్కడ మెహర్ హఖ్ దక్కుతుందా లేదా అన్నది ఎప్పుడు రాశారు, ఎలా రాశారు అన్నదాని మీద ఆధారపడుతుంది. అందుకే సివిల్ పెళ్ళి, నికాహ్ వేరే వేరే రోజులు పెట్టుకోకండి. ఒకే బైఠక్‌లో రెండూ కానివ్వండి. మెహర్ కాగితం మీద అంతకన్నా ముందే ఇద్దరూ దస్తఖత్ చేయండి. పెద్ద మొత్తమైతే అక్కడి వకీల్‌కి ఒకసారి చూపించండి.

మరి ఇక్కడే, కడపలోనో కర్నూలులోనో నికాహ్ చేసుకుని వెళ్ళేవాళ్ళ సంగతి? వాళ్ళకి అమెరికాలో మళ్ళీ లైసెన్స్ అక్కర్లేదు. పెళ్ళి జరిగిన చోట అది చట్టప్రకారం చెల్లితే మామూలుగా అమెరికా ఇమ్మిగ్రేషన్ కూడా ఒప్పుకుంటుంది. వాళ్ళకి కావలసింది ఇక్కడి సబూత్. సియాహా నకలు, మ్యారేజ్ సర్టిఫికెట్ చేతికొచ్చాకే విమానం ఎక్కండి. కానీ ఫోన్ మీద, వీడియో మీద చేసే నికాహ్‌ల విషయంలో జాగ్రత్త. ఇద్దరూ ఒకే చోట ఎదురెదురుగా లేకుండా జరిగిన పెళ్ళిని, ఆ తర్వాత కలిసి కాపురం చేసి ఉంటే తప్ప, వాళ్ళ ఇమ్మిగ్రేషన్ చట్టం పెళ్ళిగా లెక్కించదు.

ఇప్పుడు రికార్డు వెతుక్కోవడం. లైసెన్స్ ఏ కౌంటీ ఇచ్చిందో రికార్డు ఆ కౌంటీలోనే ఉంటుంది. నికాహ్ ఏ మస్జిద్‌లో జరిగింది, ఇప్పుడు మీరు ఏ ఊళ్ళో ఉంటున్నారు అన్నదానితో దానికి సంబంధం లేదు. పదేళ్ళ తర్వాత డల్లాస్‌లో ఇల్లు కొనుక్కున్న జంట కూడా సర్టిఫైడ్ కాపీ కోసం తాము చదువుకున్న ఆ చిన్న ఊరి కోర్టుహౌస్‌కే రాయాలి. రాష్ట్ర రాజధానిలో దొరుకుతుంది కదా అనుకోవద్దు. టెక్సాస్‌లో రాష్ట్ర దఫ్తర్ 1966 నుంచి జరిగిన పెళ్ళిళ్ళకి "అవును, ఇలాంటి రికార్డు ఉంది" అని ఒక ఉత్తరం మాత్రమే ఇస్తుంది, ముద్ర వేసిన సర్టిఫైడ్ కాపీ ఇచ్చేది కౌంటీ క్లర్కే. మిస్సోరిలోనూ రాష్ట్రం దగ్గర 1948 నుంచే వివరాలుంటాయి. అసలు లైసెన్స్ రికార్డు రికార్డర్ దగ్గరే. అంతకన్నా పాతవి కావాలన్నా ఆ కౌంటీ పుస్తకాల్లోనో, రాష్ట్ర ఆర్కైవ్స్‌లో వాటి మైక్రోఫిల్మ్‌లోనో చూడాలి. మిస్సోరి 1881లో లైసెన్స్ తప్పనిసరి చేసింది కాబట్టి ఆ పుస్తకాల వరస అప్పటినుంచీ ఉంది.

ఈ మాట రాస్తుంటే మన సియాహాలు గుర్తొచ్చి మనసు చివుక్కుమంటోంది. మన ఊళ్ళలో ఖజాత్ చాలాచోట్ల తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది, రిజిస్టర్లు ఖాజీ సాబ్ ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉంటాయి. చెదలు పట్టినా, వాన నీళ్ళు దిగినా ఒక మొహల్లా మొత్తం ఆడవాళ్ళ సబూత్ పోయినట్టే. వాటి నకళ్ళు ఎప్పటికప్పుడు వక్ఫ్ బోర్డుకి చేరాలని, స్కాన్ చేసి పెట్టాలని మనం ఎవరం గట్టిగా అడగం. మన నానీల, దాదీల నికాహ్ ఏ తారీఖున జరిగింది, మెహర్ ఎంత రాశారు అని అడిగితే చెప్పగలిగిన ఇళ్ళు ఎన్ని? మొక్కజొన్న చేల మధ్య ఒక చిన్న కౌంటీ తన రైతుల పెళ్ళిళ్ళని నూటనలభై ఏళ్ళకు పైగా రాసుకుంటూ వచ్చిందంటే, ఆ పని మనవల్ల కాదని అనుకోనక్కర్లేదు.

సర్టిఫైడ్ కాపీలు ఒకేసారి మూడు నాలుగు తీసుకోండి. ఒకటి అక్కడ అమ్మాయి దగ్గర, ఒకటి ఇక్కడ అమ్మీ బీరువాలో. ఇండియాలో వాడాల్సి వస్తే ఆ కాపీ మీద ఆ రాష్ట్రం సెక్రటరీ ఆఫ్ స్టేట్ దగ్గర అపోస్టిల్ ముద్ర వేయించుకోవాలి. నికాహ్‌నామా మీద ఒక మూల కౌంటీ పేరు, లైసెన్స్ నంబరు, తేదీ రాసి పెట్టండి. రేపు మీ పిల్లలు వెతుక్కునేటప్పుడు ఆ ఒక్క లైను వాళ్ళకి దారి చూపిస్తుంది. అల్లా చేయకూడదు గానీ బంధం తెగితే, తలాఖ్, ఖులా తోపాటు అక్కడి కోర్టు డిక్రీ కూడా తీసుకోవాలి. లేకపోతే ఇద్దత్ ముగిసినా ఆ దేశం లెక్కలో ఆమె ఇంకా అతని భార్యే, రెండో నికాహ్‌కి లైసెన్స్ రాదు.

చివరిగా రెండు మాటలు. అమెరికాలో ఉన్న మన మస్జిద్ కమిటీల భాయ్‌లకి ఒకటి. లైసెన్స్ చూపించనిదే నికాహ్ చదివించమని చాలా మస్జిద్‌లు ఇప్పటికే షరతు పెట్టుకున్నాయి. మీ మస్జిద్‌లో ఇంకా లేకపోతే వచ్చే కమిటీ మీటింగ్‌లోనే పెట్టండి. మనసు కరిగి ఒకసారి వదిలేస్తే ఆ భారం ఒక ఆడపిల్ల జిందగీ అంతా మోయాలి.

రెండోది ఇక్కడున్న అమ్మీ-అబ్బాలకి. ఇంగ్లీషు రాదని, అమెరికా సంగతులు తెలియవని మొహమాటపడకండి. వీడియో కాల్‌లో దుల్హా వాళ్ళతో మెహర్ మాట్లాడే రోజునే ఇదీ అడగండి. "బేటా, లైసెన్స్ ఏ కౌంటీలో తీసుకుంటున్నారు? తీసుకున్నాక మాకు ఫొటో పంపు." ఈ రెండు ముక్కలు అడగడానికి ఇంగ్లీషు అక్కర్లేదు. ఆ ఫొటో వచ్చాకే నికాహ్ కార్డులు అచ్చుకివ్వండి.